ఓబో పెద్దరికం

కడప యువతకు ఉద్యోగాలు తెస్తామని చెప్పని నాయకుడు లేడు. అయినా ఓబో విద్వాంసుడి కొలువు గురించి ఇంతవరకు ఒక్కరూ నోరు విప్పలేదు. ఇది క్షమించరాని నిర్లక్ష్యం.

ఓబో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని ఊదుడు వాద్యం, మన నాదస్వరానికి దూరపు చుట్టం. రెండింటికీ జంట పొరల పీకే ప్రాణం. ఇక హోదా అంటారా? కచేరీకి ముందు ఆర్కెస్ట్రా అంతా గప్‌చుప్‌గా కూర్చుంటే, ఓబో ఆయన ఒక్కడే 440 హెర్ట్జ్ దగ్గర ఒక స్వరం పడతాడు. వయొలిన్ల దగ్గర్నుంచి అందరూ ఆ శ్రుతికే రావాలి. ఆయనే ఎందుకంటే, ఓబో శ్రుతిని అప్పటికప్పుడు పెద్దగా సవరించడం కుదరదు. తాను మారదు కాబట్టి మిగతా వాళ్లే మారాలి. ఈ సూత్రం మీద మన జిల్లాలో ఎన్ని పెద్దరికాలు నడుస్తున్నాయో వేరే చెప్పాలా?

ఆ నిమిషం దాటాక మిగిలిన బతుకంతా పీకలు చెక్కుకోవడమే. రెల్లు దక్షిణ ఫ్రాన్స్ నుంచి తెప్పించి, చీల్చి, మడిచి, దారం చుట్టి, వెలుతురు కనిపించేంత పల్చగా కత్తితో గీకాలి. అంతా చేస్తే అది మహా అయితే కొన్ని వారాలు పలుకుతుంది. వాద్యమేమో ఆఫ్రికా నల్లచెక్క, తేమ తగ్గితే పగులుతుంది. కాబట్టి మే నెలలో ఏసీ గది ఓబోకు, ఫ్యాను మాస్టారికి. పెదవులు రెండూ పళ్ల మీదికి మడిచి పీకను పట్టాలి గనక పాఠానికి ముందు ఎర్రకారం దోశ నిషేధం (అభ్యర్థులు సగం మంది ఇక్కడే తప్పుకుంటారు). రంధ్రం ఎంత సన్నమంటే, ఊపిరి చాలకపోవడం కాదు, మిగిలిపోవడమే బాధ. లోపలి పాత గాలి వదిలితే గానీ కొత్తది పీల్చలేరు. నిట్టూర్పుల్లో ఇంత పద్ధతైన శిక్షణ ఇంకే వృత్తిలోనూ దొరకదు.

కొలువు ఎక్కడంటారా? ముంబైలో 2006లో పెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. చెన్నై-ముంబై రైలు మార్గం కడప మీదుగానే పోతుంది, ప్రయాణానికి ఇబ్బంది లేదు. ఆర్కెస్ట్రాకు ఓబోలు రెండో మూడో చాలు, ఇబ్బందల్లా అదే. అందుకే చివరికి మాస్టారు అవతారం.

"సార్, ట్రినిటీ సంగీత పరీక్ష గ్రేడ్ 8 పాసైతే ఈఏపీసెట్‌లో ఏమన్నా మార్కులు కలుపుతారా?" అని తండ్రి అడుగుతాడు. కలపరని తెలిశాక, "అయితే ఇంటర్ అయినంక ఊదుకుంటాడులే సార్" అంటాడు.

ఇలాంటి విద్వాంసులను ఏం చేసుకోవాలో మనకు తెలియదని ఎవరూ అనుకోనక్కర్లేదు. మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు నాదస్వరానికి 1977లో పద్మశ్రీ అందుకున్నారు. అప్పటికే శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఎగుమతిలో మనకు అనుభవం ఉంది.

స్థానికంగా మిగిలిన నాదస్వరం వాళ్లకూ ఆ ఒక్క నిమిషం దక్కుతూనే ఉంది. జీలకర్ర-బెల్లం వేళ పంతులు చెయ్యెత్తగానే గట్టిమేళం మోగుతుంది, మంటపమంతా అక్షింతలు పట్టుకుని లేస్తుంది. మొన్నో పెళ్లిలో అదీ తేలిపోయింది. ముహూర్తానికి ముందే డీజే కుర్రోడు వచ్చి, శ్రుతిపెట్టెను కాలితో పక్కకు జరుపుతూ మర్యాదగానే చెప్పాడు:

"అన్నా, రోంత పక్కకు జరుగు, స్పీకర్ పెట్టాల. గట్టిమేళం మా పెన్‌డ్రైవ్‌లో ఉందిలే."