రాయగడ కుర్రాడి లెక్క ఎక్కడ తప్పింది?

ప్రతి నెలా రివ్యూ మీటింగ్‌లో ఒకటే వరస. దక్షిణ ఒడిశాలో షాపులు తిరిగి మా కంపెనీ సరుకుకు ఆర్డర్లు రాసుకునే సేల్స్ కుర్రాళ్లలో బరంపురం కుర్రాడికి చప్పట్లు, రాయగడ కుర్రాడికి చీవాట్లు. ఇద్దరికీ ఇచ్చిన షాపులు దాదాపు సమానం, టార్గెట్ సమానం, మరి అమ్మకం ఎందుకు సమానంగా లేదు? ఏరియా మేనేజర్‌గా కొన్నేళ్లు ఆ చీవాట్లు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. రాయగడ కుర్రాడి బైకు వెనక కూర్చుని మూడు రోజులు తిరిగాక గానీ నా నోరు మూతపడలేదు.

లెక్క సులువుగా ఉండాలని చెరో 300 షాపులు అనుకుందాం. బరంపురం బడా బజార్లో బైకు ఒక మూల పెట్టి నడుచుకుంటూ రోజుకు 40 షాపులు చూడొచ్చు. ఎనిమిది రోజుల్లో ఒక చుట్టు అయిపోతుంది. నెలకు 24 పనిదినాలంటే మూడు చుట్లు. రాయగడ వైపు బిస్సం కటక్, మునిగుడ, కాశీపూర్ అంటూ కొండల మధ్య తిరిగేవాడికి రోజుకు 15 షాపులు దాటవు. ఒక్క చుట్టుకే 20 రోజులు పడుతుంది. ఒకడు నెలలో 900 సార్లు ఆర్డర్ అడుగుతాడు, ఇంకొకడు 360 సార్లు. ఇందులో బద్ధకం ఎక్కడుంది?

దీనికి తోడు బీట్ ప్లాన్, అంటే ఏ రోజు ఏ ఊరి షాపులు తిరగాలో రాసిన పట్టిక. దూరాన ఆఫీసులో కూర్చుని మ్యాపు చూసి వేసిన ప్లానులో చాటికోణకు సోమవారం రాశారు. అక్కడ సంత బుధవారం. డోంగ్రియా కొంధు గిరిజనులు నియమగిరి కొండల నుంచి పండ్లు, పసుపు దించుకొచ్చే రోజది. చేతిలో నాలుగు డబ్బులు ఆడేదీ ఆ రోజే. సంతకు ముందు రోజు వెళితే షాపువాడు సరుకు తీసుకుంటాడు, సంత మర్నాడు వెళితే డబ్బిస్తాడు. సోమవారం వెళితే టీ ఇస్తాడు.

ఇక సరిహద్దు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. గీత మారింది గానీ బజారు దారి పెద్దగా మారలేదు. భువనేశ్వర్ నుంచి రాయగడకు వచ్చే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ కూడా పలాస, విజయనగరం, పార్వతీపురం చుట్టి ఆంధ్రా మీదుగానే వస్తుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక, పక్క రాష్ట్రం నుంచి తక్కువ పన్నుతో కొనడానికి ఇవ్వాల్సిన సి-ఫారాల గొడవ కూడా చాలావరకు పోయింది. పార్వతీపురం హోల్‌సేలర్ ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే అమ్మకం మీద పడే జీఎస్టీ) వేసి బిల్లు కొడితే రాయగడ వ్యాపారి ఆ పన్నును క్రెడిట్‌గా వాడుకుంటాడు. చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవాడు రాష్ట్రం దాటించి అమ్మకూడదు గానీ, అవతల నుంచి కొనడానికి అడ్డేమీ లేదు.

ఆంధ్రాలో కంపెనీ షాపులకిచ్చే డిస్కౌంట్ స్కీము బాగున్న నెల సరుకు అటు నుంచి ఇటు వచ్చేస్తుంది. అమ్ముడుపోయేది రాయగడలో, పేరు పడేది పార్వతీపురం కుర్రాడికి. షాపులో మన సరుకు నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, రిపోర్టులో మాత్రం సున్నా. ఇన్సెంటివ్ ఎవరి జేబులోకి వెళుతుందో వేరే చెప్పాలా?

నన్నడిగితే పంచాల్సింది షాపులను కాదు, పనిదినాలను. ఇది కొత్త సంగతేమీ కాదు, 1961లోనే వాల్టర్ టాలీ అనే ఆయన ఒక మార్కెటింగ్ పత్రికలో ఈ పద్ధతిని వివరంగా రాశాడు. ఏ షాపుకు వారానికోసారి వెళ్లాలి, దేనికి నెలకోసారి చాలు అని ముందు విడదీయాలి. దానికి ప్రయాణ సమయం కలిపి, మొత్తం ఎన్ని రోజుల పనో తేల్చాలి. జిల్లా గీతలు ఆ తర్వాతే. పని సమానమైనంత మాత్రాన టార్గెట్ సమానం కానక్కర్లేదు. కాశీపూర్ కొనే శక్తి వేరు, బరంపురం కొనే శక్తి వేరు. పనినీ టార్గెట్‌నూ ఒకే కాలమ్‌లో రాసేయడం దగ్గరే చాలా కంపెనీలు దొరికిపోతున్నాయి.

కంపెనీ డిపో, దాని దగ్గర సరుకు కొని షాపులకు వేసే స్టాకిస్టు రాష్ట్రాలవారీగా ఉంటారు కదా, గీత ఎలా దాటతామని అడుగుతారు. బిల్లు ఒడిశా స్టాకిస్టుదే ఉండనివ్వండి. ఆర్డర్ రాసుకునే మనిషి ఎటు నుంచి వస్తే ఏం? రెండు భాషలూ వచ్చిన కుర్రాళ్లకు ఇక్కడ కరువా?

అసలు చిక్కు వేరే ఉంది. గుణుపురం రాయగడ జిల్లాలోదే అయినా రైలు మాత్రం పర్లాకిమిడి మీదుగా నౌపడకు పోతుంది. అందుకని ఆ బీట్‌ను పర్లాకిమిడి కుర్రాడికి మార్చాం. కాగితం మీద అందరికీ రోజులు సరిపోయాయి. కొత్త కుర్రాడిని వెంటబెట్టుకుని మొదటి షాపుకు వెళ్లాను. షాపాయన బాకీ పుస్తకం తీసి, మా వాడి ముఖం చూసి, మళ్లీ మూసేశాడు.

"ఈ కుర్రోడెవరో నాకు తెలీదు బాబూ. బిల్లు రాసినోడినే తీసుకురండి, లెక్క వాడితోనే చూసుకుంటాను."

రెండు నెలలపాటు ఇద్దరినీ కలిపి పంపాల్సి వచ్చింది. ఆ రోజులు మేం వేసిన లెక్కలో ఎక్కడా లేవు.