జూనియర్ పతకం తర్వాత అసలు పరీక్ష

రష్యా జూనియర్ ఐస్ డాన్స్ (మంచు మీద జంటగా స్కేటింగ్ చేస్తూ చేసే నృత్యం) జంటలు సీనియర్‌లోకి రాగానే తడబడటానికి అనుభవం లేకపోవడమే కారణమని ఈమధ్య చదివిన ఒక వ్యాసం తేల్చేసింది. అది సగం నిజమే. పోటీలో రెండో భాగమైన ఫ్రీ డాన్స్ 3:30 నుంచి 4:00 నిమిషాలకు పెరుగుతుంది, చేయాల్సిన అంశాలూ పెరుగుతాయి. ఆ అర నిమిషం దెబ్బ చివర్లో కనిపిస్తుంది: కాళ్లు అలిసి మోకాలు వంగదు, ఎడ్జ్ (బ్లేడు అంచు మీద ఒరిగి గీసే వంపు) లోతు తగ్గుతుంది, స్టెప్ సీక్వెన్స్‌లో (వరస అడుగుల అంశంలో) లెవెల్, అంటే మార్కులను నిర్ణయించే కఠినత స్థాయి, పడిపోతుంది. ట్విజిల్స్‌లో (ఒంటికాలి మీద గిరగిరా తిరుగుతూ ముందుకు సాగడంలో) ఇద్దరి వేగం కలవకపోతే అక్కడా మార్కులు తగ్గుతాయి. 2022 తర్వాత మొదటి భాగమైన రిథమ్ డాన్స్‌లో సీనియర్లకు నిర్ణీత ప్యాటర్న్ (అందరూ ఒకేలా చేయాల్సిన అడుగుల వరస) కూడా లేదు, జూనియర్లకు ఉంది. చిన్నప్పటి నుంచి గీసిన గీత మీద నడిచినవాళ్లకు ఈ స్వేచ్ఛే ఇబ్బంది.

వ్యాసం వదిలేసిన అసలు సంగతి జంట విడిపోకుండా నిలవడం. 2010 జూనియర్ ప్రపంచ విజేతలు ఇలినిఖ్, కత్సలాపొవ్. 2012 విజేతలు సినిత్సినా, జిగాన్షిన్. 2014లో భాగస్వాములు తారుమారయ్యారు. సినిత్సినా, కత్సలాపొవ్ 2021లో ప్రపంచ టైటిల్ కొట్టారు, అదీ ఏడేళ్లకు! 2013 విజేతలు స్తెపానొవా, బుకిన్ మాత్రం విడిపోలేదు.

2022 మార్చిలో రష్యా స్కేటర్లపై అంతర్జాతీయ పోటీల్లో వచ్చిన నిషేధం వల్ల ఇప్పటి కుర్ర జంటల్లో చాలామందికి విదేశీ జడ్జిల మార్కులెలా ఉంటాయో తెలియదు. స్వదేశీ పోటీల స్కోర్లు చూసి అంచనాలు వేయకండి.