బెర్లిన్ ఆసుపత్రి ఎయిడ్స్ చికిత్సను కంపెనీలు తొక్కిపెట్టాయన్న ప్రచారానికి ఖండన

వాట్సాప్ గ్రూపుల్లో పదే పదే తిరిగే ఒక సందేశం సారాంశం ఇది: “జర్మనీలోని షారిటే ఆసుపత్రి 2007లోనే ఎయిడ్స్‌ను పూర్తిగా నయం చేసింది. మూలకణాలు ఎక్కిస్తే చాలు, రోగం పోతుంది. రోజూ మాత్రలు అమ్ముకోవడానికి మందుల కంపెనీలు ఆ సంగతిని తొక్కిపెట్టాయి. జీవితాంతం మాత్రలు మింగవలసిన పని లేదు.” వీటిలో మొదటి మాటకు కొంత ఆధారం ఉంది. దాని ఆసరాతోనే మిగతా మూడూ నిలబడ్డాయి గనుక, చదివినవారు నమ్మడంలో వింత లేదు. కానీ చివరి మాటను నమ్మి మందులు మానేసినవారి ప్రాణానికే ముప్పు కాబట్టి, ఒక్కొక్క మాటనూ విడదీసి చూడవలసి ఉంది.

మొదటిది, “షారిటే నయం చేసింది” అన్న మాట. షారిటే 1710లో ప్లేగు భయంతో ప్రష్యా రాజు బెర్లిన్ నగర ప్రాకారం వెలుపల కట్టించిన ఆశ్రయం. ఇప్పుడు అది ఆ నగరంలోని రెండు విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి వైద్య విభాగం, దాదాపు మూడు వేల పడకలున్న బోధనాసుపత్రి. అక్కడికి 2006లో టిమొథీ రే బ్రౌన్ అనే అమెరికన్ వచ్చింది హెచ్‌ఐవీ చికిత్స కోసం కాదు. హెచ్‌ఐవీ ఉన్నట్టు 1995లోనే తెలిసినా మందులతో అది అదుపులోనే ఉంది. ప్రాణం మీదికి వచ్చింది లుకేమియా, అంటే రక్తపు క్యాన్సర్ వల్ల. దానికి దాత నుంచి మూలకణాల (ఎముక మజ్జలో రక్తకణాలను పుట్టించే కణాల) మార్పిడి చేయక తప్పని పరిస్థితి ఏర్పడినప్పుడు, ఆయనకు చికిత్స చేస్తున్న గెరో హ్యూటర్ అనే రక్తవ్యాధుల వైద్యుడికి ఒక ఆలోచన వచ్చింది. హెచ్‌ఐవీ మన తెల్ల రక్తకణంలోకి దూరడానికి సాధారణంగా సీసీఆర్5 అనే గ్రాహకాన్ని ద్వారంలా వాడుకుంటుంది; తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా డెల్టా32 అనే జన్యులోపం సంక్రమించినవారి కణాల మీద ఆ ద్వారమే ఉండదు. దాత ఎలాగూ కావాలి కదా, అటువంటి దాతనే ఎందుకు వెతకకూడదు అని ఆయన అనుకున్నారు. కణజాలం సరిపోయిన దాతలను ఒక్కొక్కరినే పరీక్షిస్తూ పోతే 61వ వ్యక్తిలో ఆ లోపం కనిపించింది. 2007 ఫిబ్రవరిలో మార్పిడి జరిగింది; ఆ రోజు నుంచే బ్రౌన్ హెచ్‌ఐవీ మందులు ఆపేశారు. వైరస్ తిరిగి రాలేదు. లుకేమియా మాత్రం తిరిగి వచ్చింది. 2008లో అదే దాత కణాలతో రెండోసారి మార్పిడి చేశారు. దాని తరువాత ఆయన చూపు బాగా దెబ్బతింది, నడక మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. 2020 సెప్టెంబరులో, 54వ ఏట, మరల తిరగబెట్టిన లుకేమియాతోనే ఆయన కన్నుమూశారు. చివరిదాకా ఆయన శరీరంలో హెచ్‌ఐవీ మళ్లీ తలెత్తలేదు.

“మూలకణాలు ఎక్కిస్తే చాలు” అనడం ఇందువల్లనే ఘోరమైన అబద్ధం. ఇది చేతికి వేసే ఇంజెక్షన్ కాదు. మొదట తీవ్రమైన కీమోథెరపీతో, కొన్నిసార్లు రేడియేషన్‌తో రోగి సొంత మజ్జను నాశనం చేస్తారు. కొత్త మజ్జ పట్టు చిక్కేలోగా ఏ చిన్న ఇన్ఫెక్షన్ అయినా ప్రాణాంతకం కావచ్చు. పట్టు చిక్కాక దాత కణాలే రోగి చర్మం మీద, పేగుల మీద, కాలేయం మీద తిరగబడవచ్చు. క్యాన్సర్ ఎలాగూ చంపుతుందని తెలిసినప్పుడే వైద్యులు ఇంత ప్రమాదానికి ఒప్పుకుంటారు. పైగా డెల్టా32 రెండు వైపుల నుంచీ సంక్రమించినవారు ఉత్తర ఐరోపావారిలోనే నూటికి ఒకరు. భారతీయుల్లో అది చాలా అరుదు. అటువంటి దాత దొరికినా ఫలితం ఖాయం కాదు. జర్మనీలోనే ఎస్సెన్ నగరంలో ఒక రోగికి డెల్టా32 దాత కణాలే ఎక్కించినా, ఆయన శరీరంలోని వైరస్ సీఎక్స్‌సీఆర్4 అనే మరో ద్వారం గుండా తిరిగి వచ్చింది. బ్రౌన్ తరువాత లండన్‌లో, డ్యూసెల్‌డార్ఫ్‌లో, అమెరికాలో ఇలా విముక్తి పొందినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే, అందరూ రక్త సంబంధమైన క్యాన్సర్ రోగులే.

ఈ సందేశం రాసినవారు వదిలేసిన అసలు విలువైన భాగం వేరే ఉంది. షారిటేలోనే 2015లో మూలకణ మార్పిడి జరిగి, 2018లో మందులు ఆపిన మరొక రోగి సంగతిని 2024లో ప్రకటించారు. ఆయన దాతకు డెల్టా32 ఒక్క వైపు నుంచే సంక్రమించింది, అంటే ద్వారం పూర్తిగా మూసుకుపోలేదు. అయినా వైరస్ రాలేదు. కాబట్టి ద్వారం లేకపోవడం ఒక్కటే కారణం కాదని, దాత రోగనిరోధక కణాలు రోగి పాత కణాలను, వాటిలో దాగిన వైరస్‌తో సహా, తుడిచిపెట్టడం కూడా ముఖ్యమని పరిశోధకులు ఆలోచిస్తున్నారు. రోగిని చూసే వార్డూ, కణాలను పరీక్షించే ప్రయోగశాలా ఒకే గూటిలో ఉన్న ఆసుపత్రి వల్ల జరిగే మేలు ఇది: ఒక్క రోగి కోలుకోవడం ఒక ప్రశ్నగా మారుతుంది, ఆ ప్రశ్న మార్పిడి అక్కరలేని చికిత్సల వైపు దారి చూపవచ్చు.

ఇక “తొక్కిపెట్టారు” అన్న ఆరోపణ. బ్రౌన్ కేసును 2008లో బోస్టన్‌లోని అంతర్జాతీయ సదస్సులో చూపారు. 2009 ఫిబ్రవరిలో ఒక ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో ప్రచురించారు. 2010లో బ్రౌన్ తానే పేరు బయటపెట్టి, ఆ తరువాత బతికినంతకాలం హెచ్‌ఐవీ పరిశోధన కోసం మాట్లాడారు. సీసీఆర్5 ద్వారాన్ని మూసే మరావిరాక్ అనే మాత్రకు 2007లోనే అమెరికాలో అనుమతి వచ్చింది, దాన్ని అమ్మింది కూడా మందుల కంపెనీయే. నిజానికి బెర్లిన్‌లో ఒక మందు గుట్టుగా ఉన్న ఉదాహరణ ఒకటుంది: 1890లో రాబర్ట్ కాఖ్ అనే జర్మన్ వైద్యుడు క్షయకు మందు కనిపెట్టానని ప్రకటించి, అందులో ఏముందో కొన్ని నెలలు చెప్పలేదు. ట్యూబర్‌క్యులిన్ అనే ఆ మందు క్షయను నయం చేయలేదని, దాన్ని తీసుకుని మరణించినవారి శవపరీక్షల ద్వారా షారిటేలోని రుడాల్ఫ్ విర్షో అనే వ్యాధి శాస్త్రవేత్త బయటపెట్టారు.

మందుల కంపెనీల మీద జనానికి అనుమానం ఉండడం మాత్రం అకారణం కాదని ఒప్పుకోవాలి. ఒకప్పుడు హెచ్‌ఐవీ రోగికి ఏడాది మందులకు పది వేల డాలర్లకు పైగా అడిగారు, ఆఫ్రికాలో లక్షల మంది కొనలేక చనిపోయారు. 2001లో సిప్లా అనే భారతీయ మందుల కంపెనీ అదే చికిత్సను రోజుకు డాలరు లోపు ధరకు ఇస్తామని ముందుకు వచ్చాకే పరిస్థితి మారింది. నేడు ఆ మందుల తయారీలో హైదరాబాద్, విశాఖ పరిసరాల్లోని కర్మాగారాలది పెద్ద పాత్ర. మన ప్రభుత్వం వాటిని 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది.

మిగిలింది అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట: మాత్రలు అక్కరలేదన్నది. మాత్రలు వైరస్ పెరుగుదలను ఆపుతాయి గాని, కణాల్లో నిద్రాణంగా దాగిన వైరస్‌ను తీసివేయలేవు. అందుకే మానేస్తే సాధారణంగా కొన్ని వారాల్లోనే అది లేచి వస్తుంది. 33 దేశాల్లో 5,472 మందితో జరిగిన స్మార్ట్ అధ్యయనంలో, సీడీ4 కణాలు (హెచ్‌ఐవీ దెబ్బతీసే తెల్ల రక్తకణాలు) బాగున్నప్పుడు మందులు ఆపి తగ్గినప్పుడు మొదలుపెట్టినవారికి, ఆపకుండా వాడినవారి కన్నా ఎయిడ్స్ సంబంధ వ్యాధుల ముప్పు, మరణ ముప్పు కలిపి రెండున్నర రెట్లకు పైగా తేలాయి. అందువల్ల 2006 జనవరిలో మందులు ఆపే పద్ధతినే నిలిపివేశారు. మరోవైపు, మాత్రలు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరి, అక్కడే నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు హెచ్‌ఐవీ సోకదు. మీ ఇంట్లోగాని తెలిసినవారిలోగాని ఈ సందేశం చూసి మాత్రలు ఆపినవారుంటే, వారిని నిందించకుండా దగ్గరలోని ఏఆర్‌టీ కేంద్రానికి (హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రభుత్వ కేంద్రానికి) వెంటబెట్టుకు వెళ్లి, వైరల్ లోడ్ పరీక్ష చేయించి, మందులు తిరిగి మొదలుపెట్టించండి.