టీ కణాన్ని నడిపేది రెండో సంకేతమే

కార్-టి అనే క్యాన్సర్ చికిత్స గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: రోగి టీ కణాలకు, అంటే ఒంట్లోని రోగనిరోధక కణాలకు, క్యాన్సర్‌ను గుర్తుపట్టడం నేర్పిస్తారట. నిజమే, కానీ చికిత్సను గెలిపించింది అది కాదు. గుర్తుపట్టే గ్రాహకం 1990ల నాటికే తయారైంది. అదొక్కటే ఉన్న తొలితరం కణాలు ల్యాబ్‌లో క్యాన్సర్ కణాలను చంపాయి గానీ, రోగుల ఒంట్లో సరిగ్గా పెరగలేదు, నిలవలేదు. ఆ గ్రాహకం లోపలి భాగానికి రెండో సంకేతాన్నిచ్చే సీడీ28 లేదా 4-1బీబీ అనే ముక్కను కలిపాకే కణాలు విపరీతంగా పెరిగాయి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన తొలి రెండు కార్-టి మందుల్లో ఒకదానిలో 4-1బీబీ, మరోదానిలో సీడీ28 ఉన్నాయి.

టీ కణం మేల్కొనడం బ్యాంకు లాకర్ లాంటి ఏర్పాటు. ఒక తాళంచెవితో తెరుచుకోదు. శత్రువు ఆనవాలు కనబడటం మొదటి సంకేతం. ఆ ఆనవాలును చూపించే డెండ్రైటిక్ కణం మీది సీడీ80, సీడీ86 అణువులు టీ కణం సీడీ28ను తాకడం రెండోది. సూక్ష్మజీవుల జాడ తగిలినప్పుడే ఆ అణువులు బాగా పెరుగుతాయి. రెండు సంకేతాలూ అందితే, కణాల్ని పెరగమని ఉసిగొల్పే ఇంటర్‌ల్యూకిన్-2 అనే రసాయనం పొంగుతుంది, కణం విభజన మీద విభజన చెందుతుంది. మొదటిదే అందితే ఏమవుతుందో 1987లో శాస్త్రవేత్తలు జెంకిన్స్, ష్వార్ట్జ్ ఎలుక కణాలపై చూపించారు: కణం మొద్దుబారిపోతుంది, తర్వాత రెండూ ఇచ్చినా సరిగా స్పందించదు. మన సొంత కణజాలంపై దాడి జరగకుండా కాపాడే ఏర్పాట్లలో ఇదొకటి.

రెండో సంకేతంతో ఆటలొద్దనేవాళ్లు 2006 నాటి లండన్ ఘటనను చూపిస్తారు. సీడీ28ను నేరుగా తట్టిలేపే టీజీఎన్1412 అనే ప్రయోగాత్మక మందును ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇస్తే, గంటన్నరలోపే సైటోకైన్ తుఫాను, అంటే రోగనిరోధక రసాయనాల వెల్లువ, మొదలైంది. అందరూ ప్రాణాలతో బయటపడ్డా అవయవాలు దెబ్బతిన్నాయి. కోతుల్లో ఆ మందు ఏ హానీ చేయలేదు. ఎందుకంటే మనుషుల్లో తుఫాను రేపిన రకం జ్ఞాపక టీ కణాలపై (పాత శత్రువును గుర్తుంచుకునే కణాలపై) ఆ కోతుల్లో సీడీ28 ఉండదు. ఈ సంగతి తేలింది ప్రమాదం జరిగాకే. అంటే అక్కడ లోపించింది మౌలిక జ్ఞానం.

నా ఆవేదన అంతా అక్కడే. ఎలుక కణం ఎందుకు మూగబోయిందని అడిగినప్పుడు ఎవరి దగ్గరా మందు ఆలోచన లేదు. అదే దారిలో కీళ్లవాతానికి అబాటాసెప్ట్ (2005), కిడ్నీ మార్పిడికి బెలాటాసెప్ట్ (2011), మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు ఇపిలిముమాబ్ (2011) మందులు వచ్చాయి. ఐఐటీ బాంబే నుంచి పుట్టి 2023లో అనుమతి పొందిన మన కార్-టి మందు నెక్స్‌కార్19 అమెరికా ధరలో సుమారు పదో వంతుకే దొరుకుతోంది, గర్వించాల్సిందే. దానిలోనూ ఉన్నది 4-1బీబీయే. అది పరదేశపు ల్యాబ్‌లు ఓపిగ్గా తవ్వితీసిన జ్ఞానం. మనమేమో జీడీపీలో 0.64 శాతమే పరిశోధనకు పెడుతూ, ప్రతి ప్రతిపాదననూ ‘ప్రోడక్ట్ ఏది?’ అని నిలదీస్తున్నాం. కేంద్రం ఆ ప్రశ్న మానేసి, ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్ర) ల్యాబ్‌లకు కనీసం పదేళ్ల నిధులు హామీ ఇవ్వాలి.