ఇసబెల్లా రాణిగారి ఫైలు ఇంకా పెండింగే

స్పెయిన్ రాణి మొదటి ఇసబెల్లాని సెయింట్‌గా ప్రకటించాలని 1958లో వయ్యడోలిడ్‌లో ఒక ఫైలు కదిలింది. 1974లో ‘దేవుని సేవకురాలు’ అనే మొదటి మెట్టు ఎక్కింది. తర్వాత కొలంబస్ బయల్దేరిన 1492కి అయిదు వందల ఏళ్ల సంబరాలు దగ్గరపడుతుంటే, ఎందుకొచ్చిన గొడవ అని వాటికన్ వాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు. ఇది ఘోరమైన అన్యాయం అని నా అభిప్రాయం. ఆవిడ మహిమలన్నీ కాగితాల మీద ఉంటే వీళ్లు ఇంకెక్కడో వెతుకుతున్నారు.

పెళ్లి దగ్గర మొదలుపెడదాం. 1469, ఆవిడకి 18, ఆరగాన్ యువరాజు ఫెర్డినాండ్‌కి 17, ఇద్దరి తాతలూ సొంత అన్నదమ్ములు, అదీ తండ్రుల వైపు నుంచి, అంటే మన లెక్కలో శుభ్రంగా అక్కాతమ్ముళ్ల వరస (మన పెద్దవాళ్లయితే ఆ మాట ఎత్తినందుకే స్నానం చేయమనేవాళ్లు). వాళ్లకి మాత్రం పోప్ అనుమతి పత్రం ఉంటే చాలు. పత్రం వచ్చింది కూడా, కాకపోతే దాని మీదున్న పేరు అయిదేళ్ల కిందటే పోయిన పోప్ రెండో పయస్‌ది. నకిలీ. కంచరగాడిదలు తోలేవాడి వేషంలో దొంగతనంగా వచ్చిన వరుడికి అంతకన్నా మంచి పత్రం దొరుకుతుందా చెప్పండి! అసలు అనుమతి 1471లో వచ్చింది, అప్పటికి పెద్దమ్మాయి కూడా పుట్టేసింది.

1474 డిసెంబరులో కస్తీల్ రాజ్యాన్ని ఏలుతున్న అన్న చనిపోయిన రెండు రోజులకే సెగోవియాలో తనే రాణినని ప్రకటించుకుంది. రాజ్యాధికారానికి గుర్తుగా ముందు ఒకాయన కత్తి పట్టుకుని నడిచాడు. మొగుడు ఆ టైమ్‌కి ఊళ్లో లేడు, తర్వాత తెలిసి మూతి ముడుచుకున్నాడు, దానికీ ఒక ఒప్పందం రాసుకున్నారు.

అసలు పండగ 1492. జనవరి 2న ముస్లిం రాజ్యం గ్రనాడా చేతికొచ్చింది. దానికి ముందు రాసిన ఒప్పందంలో ముస్లింల మతం, మసీదులు, ఆస్తులు, న్యాయాధికారులు అన్నీ భద్రం అని ఉంది. పదేళ్లయినా ఆగిందేమో అనుకుంటారు, దాదాపు ఆగింది లెండి, 1502లో కస్తీల్‌లో మతం మారండి లేదా వెళ్లిపోండి అన్నారు. యూదులకి ఆ పదేళ్లు కూడా ఇవ్వలేదు. మార్చి 31న ఇద్దరూ కలిసి సంతకం చేసిన ఆజ్ఞ ప్రకారం జూలై ఆఖరికల్లా దేశం ఖాళీ చేయాలి, సామాను పట్టుకుపోవచ్చు, బంగారం, వెండి, నాణేలు మాత్రం ఇక్కడే పెట్టాలి. ఇల్లు అమ్ముకోమని, అమ్మిన డబ్బు వదిలేసి వెళ్లమని చెప్పడానికి ఎంత దయ ఉండాలి?

సరిగ్గా 17 రోజుల తర్వాత, ఏప్రిల్ 17న, కొలంబస్‌తో ఒప్పందం. రాణిగారు నగలు తాకట్టు పెట్టి పంపిందనే కథ మనమూ చిన్నప్పుడు విన్నాం. ఆ నగలు గ్రనాడా యుద్ధానికే ఎప్పుడో తాకట్టులో ఉన్నాయి. డబ్బు సర్దినవాడు లూయిస్ దె సంతాంజెల్, మతం మారిన యూదు కుటుంబంలో పుట్టినవాడు. ఒక చేత్తో వెళ్లగొట్టి ఇంకో చేత్తో అప్పు తీసుకోవడం అందరివల్లా కాదు. (మిరియాల కోసం బయల్దేరిన ఆ ఓడల వల్లే చివరికి మనకి మిరపకాయ వచ్చింది, కాబట్టి ఆవకాయ తినేటప్పుడు నేను కొంచెం నోరు అదుపులో పెట్టుకుంటాను.)

చనిపోయే ముందు 1504లో వీలునామా రాస్తూ, కొత్త భూముల్లోని జనాన్ని బాగా చూసుకోండి అని ఒక మాట చేర్పించింది. అది కూడా కాగితమే కదా, అక్కడే ఉండిపోయింది.

యూదులని పంపేసిన ఆజ్ఞ మాత్రం చాలా గట్టిది. దాన్ని లాంఛనంగా రద్దు చేసింది 1968లో. తర్వాత 2015లో స్పెయిన్ ఒక చట్టం చేసింది, ఆ వెళ్లినవాళ్ల వారసులకి పౌరసత్వం ఇస్తామని. వంశం రుజువు చేసే పత్రాలు తేవాలి, చాలామంది స్పానిష్ పరీక్ష రాయాలి, నోటరీ దగ్గరికి వెళ్లాలి. అంటే నాలుగు నెలల్లో పొమ్మన్నవాళ్ల మునిమనవళ్ల మునిమనవళ్లని పిలిచి, మీవాళ్లు నిజంగానే పోయారా, ఏదీ సర్టిఫికెట్ చూపించండి, అన్నారన్నమాట. దరఖాస్తుల గడువు 2019లో అయిపోయింది.