సవరణ: క్లియర్‌కోట్ ఆరడం వేరు, గట్టిపడడం వేరు

పిన్‌బాల్ యంత్రంలో బంతి దొర్లే పలక (ప్లేఫీల్డ్) మీద పెచ్చులూడిన క్లియర్‌కోట్‌ను, అంటే పారదర్శకమైన పై పూతను, ఇంట్లోనే సరిచేసుకోవడం గురించి ఇంతకుముందు రాస్తూ, టూ-కే క్లియర్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే రెండు భాగాల పూత) కొట్టిన మర్నాడే పోస్టులు (పలక మీది చిన్న స్తంభాలు) బిగించుకోవచ్చన్నాను. అది తప్పు. వేలికి అంటకపోతే ఆరిపోయిందనే అనుకున్నా. పైన ఆరినా లోపల మెత్తగానే ఉంటుంది. అప్పుడే స్క్రూ బిగిస్తే పోస్టు చుట్టూ పూత నలిగి గట్టులా లేస్తుంది. నా బోర్డు మీద నాలుగో రోజున గోటితో నొక్కినా చంద్రవంకలా అచ్చు పడింది!

క్లియర్ తయారీదారు ఇచ్చే సాంకేతిక పత్రాల్లో ఆరే సమయం, పూర్తిగా గట్టిపడే సమయం విడివిడిగా ఉంటాయి. పాత యంత్రాలు బాగుచేసేవాళ్లయితే పూత మందాన్నీ గది వేడినీ బట్టి 2 నుంచి 4 వారాలు ఆగమంటారు.

ఇంకోటి, అప్పుడు నేను ‘మాస్క్ చాలు’ అన్నది సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) దుమ్ముకే. టూ-కే స్ప్రేలోని ఐసోసయనేట్లను (ఊపిరికి హాని చేసే రసాయనాలను) దుమ్ము మాస్క్ ఆపదు.