పనికిరాని సంగీతానికి ఒక ఉత్తరం

మాడ్రిడ్ వీధుల రాత్రి సంగీతమా,

ఉభయకుశలోపరి. నీ క్షేమం గురించి అడగక్కర్లేదు. పుట్టి 240 ఏళ్ళు దాటినా ఏదో ఒక హాల్లో నిన్ను వాయిస్తూనే ఉన్నారు. నిన్ను కన్న ఇటలీ స్వరకర్త లుయిజీ బొకెరీని మాత్రం, స్పెయిన్ దాటితే నువ్వు బొత్తిగా పనికిరావనీ, నవ్వులపాలవుతావనీ, వినేవాళ్ళకి అర్థం కావనీ, వాయించేవాళ్ళకి చేతకావనీ తన ప్రచురణకర్తకు చెప్పుకున్నాడు. సొంత పిల్లకి వచ్చే సంబంధాలు ఇలా చెడగొట్టిన తండ్రి ఇంకొకడు ఉండడు. ఆయన బతికుండగా నువ్వు అచ్చుకే ఎక్కలేదు.

ఇంతకీ 1780 ప్రాంతంలో నిన్ను రాసేటప్పటికి ఆయన మాడ్రిడ్‌లో లేడు. ఆయన యజమాని దోన్ లుయీస్ స్పెయిన్ రాజుగారి తమ్ముడు. అంతస్తుకు తగని పిల్లని పెళ్ళాడినందుకు ఆయన్ని రాజధానికి దూరంగా పెట్టారు. ఆయన వెంటే మన సంగీతకారుడూ మూటాముల్లె సర్దుకుని ఆరేనాస్ అనే చిన్న ఊరు చేరాడు. పెళ్ళి యజమానిది, ఊరు పోయింది ఈయనకి. అక్కడ కూచుని మాడ్రిడ్ రాత్రిని తలుచుకుంటే వచ్చినదానివి నువ్వు. అందులో రాజభవనం లేదు. చర్చి గంట, సైనికుల డప్పు, గుడ్డి బిచ్చగాళ్ళ పాట, వీధిలో కుర్రాళ్ళ సరదా. అన్నీ తీగల మీదే.

బిచ్చగాళ్ళ దగ్గరే నేను ఇరుక్కున్నాను. ఆ చోట చెల్లోలు (మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్లు) వాయించేవాళ్ళు వాటిని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, గిటారులా గోళ్ళతో మీటాలని బొకెరీని రాసిపెట్టాడు. ఐదుగురి కోసం పుట్టిన నిన్ను నేను విన్నది పెద్ద వాద్యబృందం చేతిలో. ఇస్త్రీ నలగని నల్లకోట్లలో పెద్దమనుషులు లక్షల ఖరీదు చేసే చెల్లోల్ని ఒళ్ళో పడుకోబెట్టి బిచ్చగాళ్ళయ్యారు. అంత ఖరీదైన బిచ్చం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే నాకు దగ్గొచ్చింది. ముందు వరసలో ఆవిడ వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. సరే అని నోరు మూసుకుని, వీధి కుర్రాళ్ళ పాసకాయే, అంటే వీధిలో నడుస్తూ పాడుకునే పాట, వచ్చినప్పుడు మోకాలి మీద చిన్నగా తాళం వేశాను. మన కచేరీల్లో అది శ్రోత జన్మహక్కు. ఈసారి ఆవిడ చూపుతో సరిపెట్టలేదు, నోటి మీద వేలు కూడా పెట్టింది. గంటలు, డప్పులు, కేకలు తప్ప ఇంకేమీ లేని వీధిని వినడానికి మేమంతా ఊపిరి బిగబట్టి కూచున్నాం. ఆ వీధిలో ఎవడూ దగ్గలేదా? ఆ గుడ్డివాళ్ళ ముందు ఎవరూ పిల్లల్ని కసరలేదా?

బొకెరీని రాసిన ఒక మినుయెట్ (పాతకాలపు నాట్య సంగీతం) ఉంది, 1771 నాటిది, నీకు అన్నగారు. ఫోన్లలో, గంట కొట్టే బొమ్మల్లో పడి అరిగిపోయాడు పాపం. నీకా గతి పట్టలేదు, సంతోషం. 1975లో ఇటలీ స్వరకర్త లుచానో బెరియో నీ చివరి భాగానికి బొకెరీని రాసిన నాలుగు రూపాల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి పెద్ద ఆర్కెస్ట్రాకి ఇచ్చాడు. ఆ చివరి భాగం గస్తీది. వీధులు మూయించడానికి రాత్రి కాపలావాళ్ళు దూరం నుంచి వస్తారు, దగ్గరవుతారు, మన పక్కనుంచే పోయి సన్నగిల్లిపోతారు. అంతవరకూ నన్ను కసిరిన ఆవిడ ఆ చోట కళ్ళు మూసుకుంది. ఆవిడ కాలు కదిలింది. నేను చూశాను.

మళ్ళీ మా ఊరి వైపు వస్తే, బిచ్చగాళ్ళ భాగంలో ఒక్క దగ్గుకి అనుమతి రాయించుకుని రా.

ఇట్లు,
నాలుగో వరసలో దగ్గినవాడు